చూసిపోవడానికి వచ్చేవాళ్లు

కోరుట్లలో సుదర్శన్ చేత టెంటు వేయించుకోవాలంటే ముందు నాలుగు తిట్లు తినాలి. తిట్లంటే బూతులు కాదు. ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి, బూతు నోట రాదు. కానీ "పెండ్లి ఎల్లుండి పెట్టుకొని ఇయ్యాల అచ్చినవా? ఇన్నొద్దులు పండుకున్నవా?" అని మొదలుపెట్టాడంటే వచ్చినవాడికి తన పెళ్లి మీదే విరక్తి పుట్టాలి. అయినా జనం ఆయన దగ్గరికే వస్తారు. చెప్పిన టైముకి టెంటు లేచి నిలబడుతుంది, కుర్చీలు తుడిచి ఉంటాయి, వానొస్తే చుక్క కారదు. ఊళ్లో ఆయన్ని గరం సుదర్శన్ అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. దానిమీద కూడా కోపమే.

ఆయనది బీర్పూర్ పక్కన ఒక పల్లె. తల్లీ తండ్రీ ఒకరి పొలంలో నాటేసి, ఇంకొకరి పొలంలో కోతకోసి పిల్లల్ని సాకారు. తను వయసులో ఉండగానే మస్కట్ పోయి చాలా ఏళ్లు మేస్త్రీల కింద సిమెంటు మోశాడు. తిరిగొచ్చి ఇనుప గొట్టాలు, టార్పాలిన్లు, ప్లాస్టిక్ కుర్చీలు కొని టెంట్ హౌస్ పెట్టాడు. "ఎండల సచ్చింది చాలు, ఇగ మంది నెత్తిమీద నీడ చేస్త" అన్నాడట అప్పుడు. భార్య విమల గడపలో కూర్చుని బీడీలు చుడుతుంది. మొగుడి అరుపులు ఆమెకు వినబడటం ఎప్పుడో మానేశాయి.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, దీవెన. పంతొమ్మిదేళ్లు. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. అది జబ్బు కాదు, మందు వేస్తే పోయేదీ కాదు. మాట కొంచెం ముద్దగా వస్తుంది. ఏదైనా నేర్చుకోవడానికి మిగతావాళ్లకన్నా ఎక్కువ రోజులు పడుతుంది, నేర్చుకుందంటే మాత్రం ఇక వదలదు. పసిదిగా ఉన్నప్పుడు గుండెకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు పొద్దున్నే థైరాయిడ్ గోళీ వేసుకుంటుంది, వద్దన్నా మిర్చి బజ్జీలు తింటుంది. టెంట్ హౌస్‌లో కుర్చీలకు బట్ట తొడుగులు వేసి, వెనక రిబ్బను ముడేసే పని ఆమెది. ముడి వంకరగా కనబడితే కూర్చున్నది ఎవరైనా సరే లేపుతుంది. ఒకసారి రిసెప్షన్‌లో పెళ్లికొడుకునే లేపింది. ఫోటోగ్రాఫర్ ఆగాడు, పెళ్లికొడుకు బిత్తరపోయి నిలబడ్డాడు, ముడి సరయ్యాక దీవెన "కూసో ఇగ" అంది. కోపం ఎవరి పోలికో చెప్పక్కర్లేదు.

ఇక ఈ ఇంట్లోకి జగిత్యాల ఆసుపత్రి ఎలా వచ్చిందో చెప్పాలి. అక్కడ స్నేహ మేడమ్ అని కౌన్సెలర్ ఉంది. కడుపులో బిడ్డకు డౌన్ ఉందని పరీక్షలో తేలినప్పుడు ఆ తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడటం ఆమె పని. దీవెన రక్తపరీక్షకు వెళ్లినప్పుడు సుదర్శన్‌ను చూసి, "అన్నా, గిసొంటి వాళ్లకు అప్పుడప్పుడు మీ నంబరు ఇయ్యొచ్చా?" అని అడిగింది. "సలహాలు చెప్పకండి. ఉంచుకొమ్మని అనొద్దు, వద్దని అనొద్దు. మీ ఇల్లు ఎట్ల నడుస్తుందో అది చెప్పండి చాలు. ఏం చేయాల్నో వాళ్లే చూసుకుంటరు" అంది. అదెంత పని అనుకుని సరేనన్నాడు. ఆ సరే అన్న నోటిని తర్వాత తనే ఎన్నిసార్లు తిట్టుకున్నాడో.

ఫోన్లు మొదలయ్యాయి. "అన్నా, గీ పిల్లలు మీదపడి కొరుకుతరట గదా?" అని ఒకడు. "నా బిడ్డ కొరకదు. నేను కొరుకుత, రా" అని పెట్టేశాడు. "గ్రహణం పట్టిన్నాడు మా ఇంటామె కత్తిపీట ముట్టుకున్నది, గందుకేనా?" అని ఇంకొకడు. "గ్రహణం దేశమంత పట్టింది రా బాబూ, మీ ఒక్క ఇంటికే పట్టలే!" అని మళ్లీ అరుపు. కాసేపటికి పశ్చాత్తాపపడి తనే తిరిగి ఫోన్ చేస్తాడు, ఈసారి మెల్లగా మాట్లాడతాడు, మధ్యలో వాళ్లు ఇంకో పిచ్చి మాటంటే మళ్లీ గొంతు లేస్తుంది. స్నేహ మేడమ్‌కి ఇవన్నీ తెలుసు. అయినా నంబరు ఇవ్వడం మానలేదు. తిట్టినా నిజం చెప్పే మనిషి దొరకడమే కష్టమని ఆమె లెక్క.

ఫోన్లతో ఆగితే బాగుండేది. కొందరు ఇంటికే వచ్చేవారు. పెళ్లిచూపులకు వచ్చినట్టు అరటిపండ్లు, బిస్కెట్ పుడలు పట్టుకుని వచ్చి, ఆయన కుర్చీల్లోనే కూర్చుని, దీవెనను తేరిపార చూసేవారు. నడక చూసేవారు, కళ్లు చూసేవారు, నీళ్లు తెస్తే వేళ్లు చూసేవారు. చూసి కళ్లు తుడుచుకునేవారు. సుదర్శన్ ఇదంతా ఓపిక పట్టాక చివర్న ఆ ప్రశ్న రానే వచ్చేది. "అన్నా, ఒక్కటడుగుత ఏమనుకోకు. ముందుగాల తెలిసుంటే ఉంచుకుందురా?"

ఆ ప్రశ్నంటే సుదర్శన్‌కు చచ్చేంత భయం. జవాబు గురించి కాదు. ఆ మాట దీవెన చెవిన పడుతుందేమోనని. నువ్వు పుట్టకుండా ఉండాల్సిందా అని తన ఇంట్లో, తన కుర్చీలో కూర్చుని, తన బిడ్డ ముందే అడిగితే ఏ తండ్రి ఊరుకుంటాడు? అందుకే వచ్చినవాళ్ల గొంతు తగ్గుతోందని అనిపించగానే ఏదో ఒక పని చెప్పి దీవెనను అవతలికి పంపించేసేవాడు. ఆ పిల్లకు ఏమీ తెలియదనీ, తెలియనివ్వననీ ఆయన నమ్మకం. ఆ ఒక్క నమ్మకం కోసమే ఇంత అరుపు అరుస్తాడని విమల అంటుంది.

బిడ్డను వద్దనుకున్నవాళ్ల మీద ఆయనకు కోపం లేదు, అది కూడా చెప్పాలి. మెట్‌పల్లి అవతలి ఇబ్రహీంపట్నం నుంచి ఒకతను అలాగే వద్దనుకుని, ఆ పని అయ్యాక ఎవరికీ మొహం చూపించలేక కోరుట్ల బస్టాండులో కూర్చుని ఫోన్ చేస్తే, సుదర్శన్ పని వదిలేసి పోయి చాలాసేపు పక్కన కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు, చాయ్ తాగించి బస్సెక్కించాడు. ఆయన కోపమంతా నిర్ణయం మీద కాదు, నాటకాల మీద.

అలాంటి నాటకం సిరిసిల్ల నుంచి వచ్చింది. దాని పేరు రాజేశ్.

రాజేశ్‌ది నేతపని ఇల్లు. ఇంటి వెనక షెడ్డులో నాలుగు సాంచాలు నడుస్తాయి, అంటే కరెంటు మగ్గాలు. తండ్రి లేడు, ఇంటి పెత్తనం తల్లి రుక్కమ్మది. భార్య లావణ్య కోరుట్ల పిల్ల, సిరిసిల్లలో ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఇప్పుడు అయిదో నెల. రక్తపరీక్షలో అనుమానం వచ్చి జగిత్యాలలో కడుపులోంచి ఉమ్మనీరు తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిందని ఫోన్ రాజేశ్‌కు వచ్చింది. ఒక్కడే వెళ్లాడు. స్నేహ మేడమ్ అంతా వివరించి, భార్యను తీసుకుని రా, ఇద్దరూ కలిసి వినాలి అంది. తీసుకొస్తానన్నాడు. తీసుకురాలేదు. మళ్లీ ఫోన్ చేస్తే మళ్లీ తీసుకొస్తానన్నాడు. ఆఖరికి ఆమె సుదర్శన్ నంబరిచ్చింది. ఒక గురువారం పొద్దున రాజేశ్ టెంట్ హౌస్ ముందు బండి ఆపి, దిగకుండా అలాగే కూర్చున్నాడు.

"దిగుతవా, బండికే టెంటు కట్టమంటవా?" అని సుదర్శన్ అడిగాక దిగాడు. ఏడుపు మింగుకుంటూ కథంతా చెప్పాడు. దీవెన గోదాములో రిబ్బన్లు సర్దుతోంది, వినబడే దూరం కాదని సుదర్శన్ లెక్క.

"ఇంట్ల ఎవలెవలికి ఎర్క?" అన్నాడు సుదర్శన్.

"మా అమ్మకు ఎర్క. మా అక్కకు, బావకు ఎర్క. గీ కోరుట్లల మామకు, అత్తమ్మకు చెప్పిన. ఇంక... మా సాంచాల కాడ పనిచేసే ఎల్లయ్యకు."

"ఎల్లయ్యకా? ఎల్లయ్యకెందుకు రా?"

"ఏడుస్తుంటే ఏమైందని అడిగిండన్నా."

"మరి కడుపుల మోసేదానికి?"

రాజేశ్ నేల చూశాడు. "తనకు రక్తం తక్కువున్నదని చెప్పినం."

సుదర్శన్ చేతిలో ఉన్న తాడు కింద పడేశాడు. "ఓరి నీ దిమాక్ పాడుగాను! ఎల్లయ్యకు ఎర్కనట, మోసేదానికి రక్తం తక్కువట! ఎల్లయ్య కంటడా బిడ్డను?"

"నోరొస్తలేదన్నా. నేను చెప్తె తను తట్టుకోదు. మా అమ్మ ఏమంటదంటే, సోమవారం జగిత్యాల తోల్కపోదాం, ఆడ మేడమే చెప్తది, అటే తీసేపిద్దాం అంటది."

"ఆమె దస్కతు లేకుండ ఆడ సూది గూడ వెయ్యరు. తెలుసా నీకు? సరే, మీ అమ్మ మాట అటుంచు. నీకేమున్నది మనసుల?"

"నాకు ఏం తెల్వదన్నా. నాకు భయమైతున్నది. అంతే."

ఇంతవరకు సుదర్శన్ ఎలాగో తట్టుకున్నాడు. అప్పుడు రాజేశ్ తన ఉపాయం బయటపెట్టాడు. శనివారం సుదర్శన్ సిరిసిల్ల రావాలట. శ్రీమంతానికి టెంటు కొలతలు తీయడానికి వచ్చినట్టు రావాలట. వెంట దీవెనను తీసుకురావాలట. లావణ్య దీవెనను చూస్తుంది, ఎవరు ఏమిటని అడుగుతుంది, మాటల్లో మాటగా విషయం దానంతటదే బయటికొస్తుందట.

"దానంతటదే అస్తదా? అది బర్రెనా, పొద్దుగూకంగ ఇంటికి దానంతటదే వచ్చెటందుకు?" సుదర్శన్ గొంతు బస్టాండు దాకా వినబడింది. "నా బిడ్డేమన్న గోడకేసిన పోస్టరా, నీ ఇంట్ల తెచ్చి అంటువెట్టుమంటున్నవు? నడువ్! లే ఈడికెళ్లి!"

రాజేశ్ లేవలేదు. రోడ్డు వారగా వెళ్లి కూర్చున్నాడు. మధ్యాహ్నమైనా అక్కడే ఉన్నాడు. విమల బీడీల చాట పక్కన పెట్టి అతనికి అన్నం పెట్టింది. తర్వాత మొగుడి దగ్గరికొచ్చి, "వాని కోసం కాదు. ఆ పిల్ల మొఖం చూసి పోరాదు? సోమవారం అందరు కల్సి బండెక్కిచ్చి తోల్కపోతె, అప్పుడు దానికి ఎట్లుంటది చెప్పు" అంది. ఇంకేం మాట్లాడతాడు? రాజేశ్‌ను పిలిచి రెండు షరతులు పెట్టాడు. తను చాయ్ తాగే లోపల పెళ్లానికి నోరు తెరిచి చెప్పాలి. దీవెన ముందు ఎవరూ ఒక్క పిచ్చి మాట మాట్లాడకూడదు. రాజేశ్ బైబిల్ మీద కూడా ప్రమాణం చేయడానికి సిద్ధపడ్డాడు, తనది ఆ మతం కాకపోయినా.

దీవెనతో మాత్రం, "సిరిసిల్లల టెంటు పనున్నది బిడ్డా, కొలతలు తీసుకొద్దాం పా" అన్నాడు. ఆమె కొలతల టేపు తీసి మెడలో వేసుకుంది. టేపు పట్టడం ఆమెకు ఇష్టం.

శనివారం మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో సిరిసిల్ల చేరేసరికి ఆ గల్లీ అంతా సాంచాల మోత. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. ఆ చప్పుడులో మెల్లగా మాట్లాడితే ఎవరికి వినబడుతుంది? రహస్యాలు కూడా అరిచే చెప్పుకుంటారు, చప్పుడు వాటిని మింగేస్తుందని ధైర్యం.

లావణ్య తలుపు తీసింది. చీర కొంగు నడుముకు దోపి, కళ్లద్దాలు పెట్టుకుని, పరీక్ష పేపర్లు దిద్దుతోంది. సంగతి విని, "శ్రీమంతం ఏడో నెలలనాయె. ఇంక రెండు నెల్లున్నది. గిప్పుడే కొలతలేంది?" అంది.

"అంటే... ముందుగాల బుక్ చేస్తె..." అని రాజేశ్ నీళ్లు నమిలాడు.

సుదర్శన్ జీవితమంతా ఆలస్యంగా వచ్చేవాళ్లను తిట్టినవాడు. రెండు నెలల ముందే బుక్ చేసుకున్నవాణ్ని మొదటిసారి చూస్తున్నాడు, అదీ దొంగ బుకింగు. ఏమీ అనలేక దగ్గాడు. లావణ్య ఆయన్నీ, దీవెననూ, మొగుణ్నీ వరసగా చూసింది. తర్వాత దీవెనకు కుర్చీ వేసి పక్కన తనూ కూర్చుంది.

"నీకేం రంగు కావాలె?" అంది దీవెన.

"దేనికి?"

"రిబ్బనుకు. గులాబి ఉన్నది, పచ్చ ఉన్నది. పచ్చది మస్తుంటది. గులాబిది మాసిపోయింది, తీసుకోకు."

"అయితె పచ్చదే. ముడి ఎవలేస్తరు?"

"నేనే. వేరేటోళ్లకు రాదు."

వాళ్లిద్దరి ముచ్చట అలా సాగుతూనే ఉంది. రాజేశ్ మాత్రం ఎండలు ముదిరాయన్నాడు. కరెంటు బిల్లు గురించి చెప్పాడు. చాయ్ వచ్చింది, సుదర్శన్ ఊదుకుంటూ, గుక్కకు గుక్కకు మధ్య ఇంతింత ఎడం ఇస్తూ తాగాడు. గ్లాసు అడుగు కనబడింది. రాజేశ్ నోరు తెరవలేదు. "ఇప్పుడే అస్త" అని లేచి వెనక షెడ్డులోకి పోయాడు. తల్లి రుక్కమ్మ వెంటే పోయింది. వీళ్లను పుట్టించిన దేవుడికి దండం అనుకుంటూ సుదర్శన్ కూడా లేచాడు.

షెడ్డులో సాంచాలు చెవులు పగలగొడుతున్నాయి, వాటి మధ్య ఎల్లయ్య తెగిన దారం ముడేస్తున్నాడు. "ఏమాయెరా? చాయ్ ఐపోయింది!" అని సుదర్శన్ అరిచాడు. "నోరొస్తలేదన్నా!" అని రాజేశ్ అరిచాడు. రుక్కమ్మ ఇద్దరికన్నా పెద్దగా అందుకుంది. అదే క్షణాన కరెంటు పోయింది.

సాంచాలు ఆగిపోయాయి. ఆ ఒక్క షెడ్డులోనే కాదు, గల్లీకి గల్లీ మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో రుక్కమ్మ గొంతు, నాలుగు సాంచాల మీదుగా వినబడటానికి లేపిన గొంతు, ఆగలేక ముందుకు పోయింది.

"...గీ పిల్ల లెక్కనే పుట్టేటిదాన్ని ఇంట్ల పెట్టుకొని ఏం చేస్తవురా! దానికి చెప్పకు, సోమవారం తోల్కపోయి తీసేపిద్దాం!"

ఎదురింటివాళ్లు కూడా విని ఉంటారు. సుదర్శన్ గిరుక్కున తిరిగాడు. షెడ్డు గుమ్మంలో లావణ్య నిలబడి ఉంది. ఆమె పక్కనే దీవెన, మెడలో టేపుతో. సుదర్శన్ అరవడానికి నోరు తెరిచాడు కానీ లావణ్య ముందే అందుకుంది.

"అయిందా? ఇప్పుడన్న అయిందా?" అంది. ఏడవలేదు. "కడుపుల సూది పొడిచి నీళ్లు తీసిన్రు. రక్తం తక్కువకు ఎవలన్న కడుపుల సూది పొడుస్తరా? నాకు తెల్వదనుకున్నరా? ఆ పరీక్ష ఎందుకో ఆ రోజే నాకు చెప్పిన్రు. వారం నుంచి ఇంట్ల అందరు నన్ను జాతరకు ఇడిసిన మేకను చూసినట్టు చూస్తున్నరు. రక్తం తక్కువని పొద్దుమాపు బీట్‌రూట్ తినిపిస్తివి గదా అత్తమ్మా! నా బడిల రెండో తరగతి పిల్లలు ఇంతకన్న మంచిగ అబద్ధమాడుతరు!"

"నీ మంచికే పిల్లా..." అంది రుక్కమ్మ, గొంతు అరిగిపోయినట్టు.

"నా మంచి నాకు చెప్పకుండ ఎట్ల చేస్తరు అత్తమ్మా?" ఆమె మొగుడి వైపు తిరిగింది. "నీ అంతట నువ్వు చెప్తవని ఊకున్న. రోజు రాత్రి పక్కల పండుకొని చూసిన, ఇప్పుడు చెప్తవు, ఇప్పుడు చెప్తవు అని. చెప్పు. ఎవలో అన్నది కాదు, నువ్వు చెప్పు."

"మన బిడ్డకు డౌన్ ఉన్నదట" అన్నాడు రాజేశ్ చివరికి. "గుండె ఎట్లున్నదో ఇంక చూడాలన్నరు. నాకు మస్తు భయమైతుంది లావణ్యా."

"నాకు కూడ అయితుంది" అంది లావణ్య. "ఇద్దరం కలిసి భయపడితే ఏం పోతుండె నీకు?"

సుదర్శన్‌కు అప్పుడు తన పని ఏమిటో తెలిసింది. "పెద్దమ్మా, నువ్వు జర బయటికి రా. ఎల్లయ్యా, నువ్వు గూడ రా, నీకు అన్ని ఎర్కనే గదా!" అని అందరినీ బయటికి తరిమి, ఆ ఇద్దర్నే లోపల ఉంచి తలుపు వేశాడు. దీవెనను తీసుకుని వాకిట్లోకి వచ్చాడు. అరుగుల మీద నిలబడి తొంగిచూస్తున్న గల్లీ జనాన్ని చూసి, "ఏంది? మీకు గూడ టెంటు కావాల్నా?" అని అరిచేసరికి ఒక్కొక్కరే లోపలికి పోయారు. రుక్కమ్మ గడప మీద కూలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేను ఎడ్డిదాన్నా? దాన్ని ఎవలు చూస్తరు నేను పోయినంక, గదే నా భయం" అంది. ఆ మాట మీద మాత్రం సుదర్శన్ ఆమెను తిట్టలేకపోయాడు. అది ఆయన భయం కూడా.

లోపల ముందు గొడవ వినబడింది. తర్వాత ఏడుపు వినబడింది, ఇద్దరిదీ. కరెంటు వచ్చి సాంచాలు వాటంతటవే నడవడంతో ఇక ఏమీ వినబడలేదు. చాలాసేపటికి లావణ్య బయటికొచ్చింది. "సోమవారం మేమిద్దరమే పోతం. మేడం చెప్పేది మేమే ఇంటం, మేమే అడుగుతం. ఏం చేస్తమో తర్వాత మేం చెప్తం. అప్పటిదాక ఈ ఇంట్ల బీట్‌రూట్ బంద్" అంది.

చివరికి వాళ్లు బిడ్డను ఉంచుకున్నారు. రుక్కమ్మ కొన్నాళ్లు కోడలితో మాట్లాడలేదు, ఆ తర్వాత మాట్లాడింది. అదంతా వాళ్ల ఇంటి సంగతి. ఇక్కడితో ఆపితే ఇది సుదర్శన్ గెలిచిన కథ అవుతుంది. కానీ ఆ సాయంత్రం ఆయన ఇంకా ఇల్లు చేరలేదు.

తిరుగు దారిలో వేములవాడ దాటేదాకా ఆయన తిడుతూనే ఉన్నాడు. "అడుగుడుకు ఏం పోతదట? ఒక్క మాట అడుగుడుకు! పానం ఆమెది, కడుపు ఆమెది, ఊరందరికి చెప్పి ఆమెను అడగరట! థూ!" అసలు ఇంత తిట్టడానికి కారణం వేరే. రుక్కమ్మ మాట దీవెన విన్నదా, విన్నా అర్థమైందా అని లోపల గిలగిలలాడుతున్నాడు. అడగడానికి ధైర్యం చాలక అరుస్తున్నాడు. దీవెన పక్కన కూర్చుని రోడ్డు చూస్తోంది. రుద్రంగి దగ్గర బజ్జీల బండి కనబడితే ఆపాడు. మిర్చీలు తెచ్చి ఒళ్లో పెడితే ఆమె ముట్టుకోలేదు. దీవెన మిర్చి ముట్టుకోలేదంటే అది జ్వరమైనా అయి ఉండాలి, కోపమైనా అయి ఉండాలి. నుదురు పట్టి చూశాడు. చల్లగానే ఉంది.

"ఏమైంది బిడ్డా?"

"టెంటు పనన్నవు."

"ఆఁ. పనే."

"టేపు తియ్యలే. కొలతలు తియ్యలే." ఆమె మాట ముద్దగా వచ్చినా ఒక్కటీ పొల్లు పోలేదు. "నన్ను చూపెట్టనీకి తోల్కపోయినవు."

"ఎవలన్నరు నీకు?"

"నాకెర్కే. ఇంటికి గూడ గందుకే అస్తరు. పండ్లు తెస్తరు. నన్ను చూస్తరు. ఏడుస్తరు. నువ్వు టార్పాలిన్లు ఎండినయా చూసిరాపో అంటవు." ఆమె తండ్రి వైపు తిరిగింది. "అవి ఎప్పుడో ఎండి ఉంటయి బాపు."

ఇన్నేళ్లు సుదర్శన్ ఆ ఒక్క మాట ఆమె చెవిన పడకుండా గొంతు చించుకున్నాడు. ఆమె గోదాము తలుపు వెనక నిలబడి ప్రతిసారీ వింటూనే ఉంది. విని, తండ్రి బాధపడతాడని ఏమీ తెలియనట్టు వచ్చి మళ్లీ రిబ్బన్లు కట్టుకుంది.

"ఆ ముసలవ్వ మాటకు కోపమచ్చిందా?" అన్నాడు.

"అచ్చింది. గని నీ మీద ఎక్కువచ్చింది."

"నా మీదనా? నేనేం చేసిన బిడ్డా?"

"గా అక్కను అడగలేదని అందరిమీద అర్సినవు. ఇప్పటిదాక అర్సినవు." దీవెన గొంతు కూడా ఇప్పుడు తండ్రి గొంతంత లేచింది. "నన్నడిగినవా?"

గరం సుదర్శన్‌కు చెంప మీద కొట్టినా ఇంత తగిలేది కాదు.

"ఇగ ఎవ్వలను రానియ్య" అన్నాడు గబగబా. "మేడంకు చెప్త, నా నంబరు ఎవలకియ్యొద్దని. ఇగ నిన్ను ఎవ్వలు చూడరు, నా మీద ఒట్టు..."

"రావద్దని నేనన్ననా?" దీవెనకు విసుగొచ్చింది. ఎన్నిసార్లు చెప్పినా ముడి నేర్చుకోని పనివాణ్ని చూసినట్టు చూసింది. "ఈ అక్క మంచిగున్నది. ఏడ్వలే. నాతోని ముచ్చట పెట్టింది. రానియ్యి. గని ముందుగాల నన్నడుగు."

బజ్జీల బండివాడు డబ్బులకోసం వచ్చి, ఇద్దరి మొహాలు చూసి, తర్వాత తీసుకుంటానని వెళ్లిపోయాడు. రేపు చర్చి అయ్యాక మెట్‌పల్లి నుంచి ఒక జంట వస్తామన్నారు. సుదర్శనే రమ్మన్నాడు. దీవెనకు చెప్పలేదు.

"బిడ్డా, రేపు మెట్‌పల్లోళ్లు ఎవలో ఇద్దరు అస్తమంటున్నరు. వాళ్లకు గూడ గిట్లనే... వాళ్ల కడుపుల బిడ్డ గూడ నీ లెక్కనే. రమ్మందామా?"

అలా అడగడం ఆయనకు కొత్త. మాట తడబడింది. దీవెన మిర్చి ఒకటి తీసుకుని కొరికి, నిదానంగా నములుతూ ఆలోచించింది. ఆలోచిస్తున్నంతసేపూ ఆయన తొందరపెట్టలేదు. అదీ కొత్తే.

"రేపు వద్దు" అంది. "రేపు నాకు పాట ఉన్నది చర్చిల. పాడి అచ్చి పండుకుంట. మంగళారం రమ్మను."

సుదర్శన్ ఫోన్ తీశాడు. "తమ్మీ, రేపు కుదరదు. మంగళవారం రాండ్రి." అవతలివాడు ఏదో బతిమాలాడు. ఇప్పటికే సిద్ధమయ్యామనీ, రేపయితే సెలవనీ, ఆయనకు వీలుకాకపోతే ఒక్క పది నిమిషాలు చాలనీ.

"నాకు వీలైతది" అన్నాడు సుదర్శన్. గొంతు మళ్లీ లేచింది, రోడ్డు మీదివాళ్లు తిరిగి చూశారు. "నన్నెందుకు అడుగుతున్నవు? మీరు చూడనీకి అచ్చేది నన్ను కాదు గదా. మా బిడ్డకు రేపు పనున్నదట. మంగళవారం రమ్మన్నది. మంగళవారమే రాండ్రి."